అడుగున తిరిగే మీనాలు

తెలుగు పండితులకు ఒక జబ్బు ఉంటుంది. క్రొత్త మాట చెవిని పడితే దాని వ్యుత్పత్తి తెలిసేదాకా అన్నం సహించదు. "కోరిడోరాస్" అన్న మాట విన్ననాడు నాకూ అంతే అయినది. గ్రీకు భాషలో కోరిస్ అంటే శిరస్త్రాణం, డోరా అంటే చర్మం. కవచమే చర్మముగా గలది ఏదో అది. శుద్ధ బహువ్రీహి! ఈ పేరు పెట్టినవాడు లాసెపేడ్ అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు, 1803లో. నిజంగానే ఈ చేపకు పొలుసులు ఉండవు. ఒక్కొక్క ప్రక్కన రెండేసి వరుసలుగా ఎముక పలకలు, పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. సహజ కవచంతో పుట్టిన కర్ణుడన్న మాట. కుండలాలకు బదులు మీసాలు.

మీసాలు అన్నాను కదా, అవే దీని కులగోత్రాలు చెబుతాయి. ఇది మన జెల్లకు దూరపు చుట్టం. చెరువు జెల్లను చేత పట్టి ముల్లు గుచ్చుకున్నవారికి ఆ వంశం ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. (నెత్తిన కొట్టే జెల్లకూ ఈ జెల్లకూ సంబంధం ఉన్నదా అని మా బడి పిల్లలు అడిగేవారు. రెండూ నొప్పి పెట్టేవే అని తప్పించుకునేవాడిని.) ఆ వంశంలోనే పెద్దది వాలుగ. 1803లోనే లండనులో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్టణపు చేపలు రెండు వందలకు బొమ్మలు వేయించి గ్రంథం అచ్చు వేయించాడు. అందులో చేపల పేర్లు మన బెస్తవారు చెప్పినవే, ఆయనకు వినపడిన తీరున. వాలుగ ఆయన చెవికి "వల్లగూ" అయినది. తర్వాత 1851లో బ్లీకర్ అనే డచ్చి పండితుడు ఆ ప్రజాతికి "వల్లాగో" అని పేరు స్థిరపరచాడు. ఈనాటికీ ప్రపంచంలో ఏ శాస్త్రజ్ఞుడు వాలుగ పేరు వ్రాసినా ఒక తెలుగు మాట వ్రాయవలసిందే. శాస్త్రం తెలుగు నేల నుండి పుచ్చుకున్న ఇంకొక పేరు కూడా ఉన్నది. దానిని గూర్చి తరువాత చెబుతాను. అది ఇంత సంతోషంగా చెప్పుకునేది కాదు.

నా పదవీ విరమణ సభలో శాలువా, పూలదండ, జ్ఞాపికలతోబాటు మా సైన్సు మాస్టారు ఒక గాజుతొట్టి ఇచ్చారు. మూడడుగుల పొడవు, నూటముప్పది లీటర్ల నీళ్ళు పడుతుంది. "పద్యాలు వినడానికి ఇక పిల్లలు ఉండరు కదా, వీటికి వినిపించండి" అన్నారు. అంతకుముందు గాజు పెట్టెలో చేపలను నేను చూచినది పాలమూరులోనే. మా అత్తవారిది ఆ ఊరు. పిల్లలమర్రి చెంత జింకల పార్కు, మ్యూజియంతోబాటు ఒక అక్వేరియం కూడా ఉండేది. పిల్లలందరూ మర్రి ఊడలు పట్టుకొని ఊగుతుంటే నేను ఆ అద్దాల ముందు నిలబడిపోయేవాడిని.

పలు జాతుల చేపలు కలిసి బ్రతికే తొట్టిని ఆంగ్లంలో కమ్యూనిటీ ట్యాంకు అంటారు. నాకు అది మాత్స్యన్యాయాన్ని రద్దు చేసిన చోటుగా తోస్తుంది. పెద్దచేప చిన్నచేపను మ్రింగడం లోకసహజమనీ, దాని నుండి కాపాడమని చిన్నచేప మనువు దోసిట్లోకి వచ్చిందనీ పురాణం. తొట్టి పెట్టుకున్నవాడు ఆ మనువు ఉద్యోగం చేయాలి. ఎవరి నోట ఎవరు పడతారో ముందే చూచుకొని చేర్చుకోవాలి. మా తొట్టిలో పై నీళ్ళలో గప్పీలు, నడుమ టెట్రాలు, అడుగున ఆరు కోరిడోరాస్‌లు. వీటి విశేష నామం స్టెర్బాయి. బ్రెజిల్, బొలీవియాల మధ్య పారే గ్వాపోరె నది వీటి పుట్టిల్లు. బొటనవ్రేలి కంటె కొంచెం పొడవు. నల్లని తల మీద తెల్లని చుక్కలు, నారింజరంగు రెక్కలు. ముగ్గువేసిన వాకిలిలాంటి ముఖం. (2024లో శాస్త్రజ్ఞులు కోరిడోరాస్ ప్రజాతిని విభజించారు. దానితో మావి ఇప్పుడు హోప్లిసోమాలు అయినవి. 2016లో మా నల్లగొండను మూడు జిల్లాలు చేసినపుడు ఊళ్ళకు ఏమి తెలిసిందో, వీటికీ అంతే తెలిసి ఉంటుంది. నేను పాత పేరే వాడుతున్నాను.)

హైదరాబాదులో అమ్మిన అబ్బాయి "ఇవి క్లీనింగ్ ఫిష్ సార్, పెంట తిని బ్రతుకుతవి, మేత అక్కర లేదు" అన్నాడు. ఈ మాట దేశమంతటా అంగళ్ళలో చెబుతారు. శుద్ధ అబద్ధం. అడుగున ఉండేవారు పైవారి ఎంగిలి తిని బ్రతకాలన్న న్యాయం మనుషులు కనిపెట్టినది. చేపల మీద రుద్దడం దేనికి? కోరిడోరాస్ మలం తినదు, నాచు తినదు. ప్రకృతిలో ఇసుకలోని చిన్న పురుగులు, లార్వాలు ఏరుకొని తింటుంది. తొట్టిలో దానికి వేరుగా, మునిగే గుళికలు వేయాలి, దీపాలు ఆర్పిన తరువాత అయితే మరీ మంచిది. లేకుంటే పై చేపలు అన్నీ మధ్యలోనే కాజేస్తాయి. అడుగున మిగిలినది తింటాయిలే అని వదిలేస్తే నెలల తరబడి మెల్లగా చిక్కి, ఒకనాడు పోతాయి. కారణం యజమానికి తెలియనే తెలియదు, కవచం మీద బక్కతనం కనపడదు కనుక.

ఒంటరిగా పెంచదగిన చేప కాదు. ఆరింటికి తక్కువ ఉంటే బెదిరి మూల నక్కుతుంది. గుంపుగా ఉన్నపుడు చూడాలి: ఇసుకలోకి మూతి దూర్చి, నోటినిండా తీసుకొని, మొప్పల సందుల నుండి జల్లుతూ, ఒకదాని భుజం మీద ఒకటి పడుతూ, వరినాట్లలో కూలీల బంతిలాగా సాగుతాయి. అందుకే అడుగున మెత్తని ఇసుక ఉండాలి. అంగళ్ళలో అమ్మే రంగురంగుల గులకరాళ్ళ మొనలకు మీసాలు అరిగిపోతాయి. మురికి అడుగున ఆ గాయాలు కుళ్ళుతాయి. మీసాలు పోయిన కోరిడోరాస్ చూపు పోయిన మనిషితో సమానం. నేను ఇంటి కట్టుబడికి తెచ్చిన వాగు ఇసుకను జల్లెడ పట్టి, పదహారు నీళ్ళలో కడిగి, చిటికెడు ఇసుక మీద నిమ్మరసం పిండి చూచాను. నురుగు వస్తే అందులో సున్నం ఉన్నట్టు. రాలేదు.

ఇంకొక వింత. ఇవి ఉన్నట్టుండి బాణంలాగా పైకి దూసుకువచ్చి, ఒక గుటక గాలి మ్రింగి, అంతే వేగంగా అడుగుకు పోతాయి. మొదటిసారి చూచినవారు నీళ్ళు చెడినవని కంగారుపడతారు. అదేమీ కాదు. మ్రింగిన గాలిలోని ప్రాణవాయువును ప్రేగు పీల్చుకుంటుంది, మిగిలిన గాలి వెనుకనుండి పోతుంది. అడుగున కాపురం, ఊపిరికి మాత్రం ఆకాశం. పైకి పోయే దారి మూసివేస్తే చేప అయి ఉండీ నీళ్ళలో ఊపిరాడక చచ్చిపోగలదు. పట్టవలసి వచ్చినపుడు వల వాడకూడదు. రెక్కల ముళ్ళు వలలో చిక్కుతాయి. గ్లాసుతోనో చిన్న డబ్బాతోనో నీళ్ళతో సహా తీయాలి. కల్లుప్పు, రాగి కలిసిన మందులు వీటికి పడవు. పై చేపకు జబ్బు చేసినదని తొట్టిలో గుప్పెడు ఉప్పు పోసేవారు అడుగున ఎవరున్నారో ఒకసారి చూచుకోవాలి.

ఇక ఎండలు. నల్లగొండ వైశాఖం సంగతి తెలియని వారుండరు. బయట నలభైనాలుగు దాటిన రోజున మా ముందుగదిలో తొట్టి నీళ్ళు ముప్పదిమూడు డిగ్రీలకు వచ్చినవి. అంగళ్ళలో చవకగా దొరికే మచ్చల కోరిడోరాస్ ఒకటి ఉన్నది, చార్లెస్ డార్విన్ బీగిల్ ఓడ యాత్రలో సేకరించిన చేపలలో అదీ ఒకటి. అది చలి నీళ్ళది, మా ఊళ్ళో వేసవి దాటదు. స్టెర్బాయి ఉష్ణానికి ఓర్చుకుంటుంది, ఇరువదియెనిమిది దాకా దానికి హాయి. అందుకే డబ్బు ఎక్కువయినా వీటినే తెచ్చాను. ముప్పదిమూడు మాత్రం వీటికీ ఎక్కువే. చలివేంద్రంలో కుండ నేర్పిన ఉపాయమే వాడాను. మూత తీసి, నీటి మట్టానికి అడ్డంగా చిన్న పంకా తిప్పితే ఆవిరి లేచి నీళ్ళు ఇరువదితొమ్మిదికి దిగినవి. మా పొడిగాలి ఈ ఒక్క విషయంలో ఉపకారి.

అయితే ఆవిరయ్యేది నీరు మాత్రమే. అందులో కరిగిన లవణాలు ఎక్కడికీ పోవు. రోజుకు రెండు లీటర్లు తగ్గుతుంటే అరువది రోజులకు నూట ఇరువది లీటర్లు, అంటే ఇంచుమించు తొట్టెడు. ఆ లోటును ప్రతిరోజూ బోరు నీళ్ళతో భర్తీ చేస్తే వేసవి గడిచేసరికి లవణాలు రెట్టింపు అవుతాయి. అమెజాను పరీవాహకంలోని చేపలు మెత్తని నీళ్ళలో పుట్టినవి. కాబట్టి నీళ్ళు ఎక్కడివి అన్న ప్రశ్న వచ్చినది. నల్లగొండలో ఆ ప్రశ్న చేపలతో ఆగేది కాదు.

శాస్త్రం మా నేల నుండి పుచ్చుకున్న రెండవ పేరు ఇదే: "నల్లగొండ టెక్నిక్". నాగపూరులోని నీరీ సంస్థవారు 1970ల దశకంలో రూపొందించారు. నీళ్ళలో సున్నం, పటిక, బ్లీచింగు పొడి కలిపి, త్రిప్పి, తేర్చి, ఫ్లోరైడును అడుగున దింపే పద్ధతి. ప్రపంచమంతటా నీటి ఇంజనీర్ల పాఠ్యగ్రంథాలలో మా ఊరి పేరు అట్లా ఎక్కింది. మా నేల క్రింద ఉన్నది గ్రానైటు. ఆ రాతిలోని ఖనిజాల నుండి ఫ్లోరైడు నీళ్ళలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంతకు ఎన్నో రెట్లు ఉన్న నీళ్ళు మా మర్రిగూడ వైపు ఊళ్ళలో తరతరాలు త్రాగారు. రంగు లేదు, వాసన లేదు, కాచితే పోదు. పైగా ఎండదేశంలో కూలివాడు ఎంత ఎక్కువ త్రాగితే అంత ఎక్కువ లోపలికి పోతుంది. పిల్లలకు పండ్ల మీద గోధుమరంగు చారలు, పెద్దయ్యే కొద్దీ మోకాళ్ళు వంగడం, నడుమూ మెడా బిగిసిపోవడం.

1996లో లోక్‌సభ ఎన్నికలకు నల్లగొండ స్థానంలో 480 మంది పోటీలో నిలిచారు. నీళ్ళ గోడు దేశానికి వినపడాలని జలసాధన సమితి చేసిన పని అది. పోలింగును వాయిదా వేయవలసి వచ్చినది. బ్యాలెటు పత్రం పత్రంగా సరిపోక పుస్తకమయినది! ఆ ఎన్నికల విధి నాకూ పడినది. కళ్ళు సరిగా ఆనని ముసలివారు గర్భగుడిలో తడుముకున్నట్టు పుట తర్వాత పుట త్రిప్పుతూ తమ గుర్తు కొరకు వెదకడం చూచాను. ఎంత పంచకావ్యాలు చదివినా అంత బరువైన గ్రంథం నేను ఎవరి చేతికీ ఇవ్వలేదు. అదే ఏడు ధరావతును అయిదువందల నుండి పదివేలకు పెంచారు. నీళ్ళు రావడానికి ఇంకా ఏండ్లు పట్టినది. సాగర్ నుండి ఎలిమినేటి మాధవరెడ్డి ఎత్తిపోతల ద్వారా కృష్ణ నీళ్ళు పానగల్లులోని ఉదయసముద్రానికి చేరడం, అక్కడి నుండి శుద్ధి అయి ఊళ్ళకు పోవడం, ఆపైన మిషన్ భగీరథ కుళాయిలు, ఇవన్నీ తరువాతి మాట.

నా తొట్టికి నేను ఎంచుకున్నది వాన నీరు. మొదటి వానను కప్పు కడగడానికి వదలి, రెండవ వాన నుండి పీపాలలో పట్టి, మూతవేసి చీకటిలో ఉంచుతాను. ఒక పాలు వాన నీరు, రెండు పాళ్ళు క్లోరిను పోయేటట్లు ఒక రోజు నిలవ ఉంచిన కుళాయి నీరు.

క్రిందటి సంవత్సరం చలికాలంలో నా పాత విద్యార్థి ఒకరు వచ్చారు. పేరు వ్రాయను. తొంభైల చివర మా బడిలో పదవ తరగతి చదివాడు, అచ్చుతప్పు లేకుండా ఉత్పలమాల అప్పజెప్పేవాడు. ఇప్పుడు ఊళ్ళో జిరాక్సు దుకాణం నడుపుతున్నాడు. ధ్రువపత్రంలో తండ్రి పేరు సవరించుకొనే విషయమై సలహాకు వచ్చాడు. చేతికర్ర. మెడ ముందుకు వంగి అట్లాగే బిగిసిపోయింది. కుర్చీలో కూర్చున్నాడు. తొట్టిని నేను నడుమెత్తు ఇనుప స్టాండు మీద పెట్టాను. ఎవరు వచ్చినా ముందు మెరిసే టెట్రాలను చూచి మెచ్చుకుంటారు. ఇతడు అడిగినది వేరు.

"గీ మీసాల చేపలు మస్తున్నయి సారూ. ఇసుకల్నే తిర్గుతున్నయి. మీద గూడ ఉన్నయా ఏమన్న?"

అప్పుడు అర్థమయినది నాకు, అతని చూపు తొట్టి అడుగు దాటి పైకి పోదని. పైన టెట్రాలు ఉన్నాయని, గప్పీలు ఉన్నాయని చెప్పాను. "ఉండనియ్యిండ్రి" అన్నాడు. చాలాసేపు కోరిడోరాస్‌లనే చూచాడు. ఒకటి పైకి దూసుకుపోయి మాయమై మళ్ళీ వచ్చి ఇసుక మీద వాలితే నవ్వాడు. గాలి కొరకు పోయిందని చెప్పాను. తరువాత మూలనున్న పీపాలు చూచి ఎందుకని అడిగాడు. చెప్పాను.

"వాన నీళ్ళా సారూ, చేపలకు?" అన్నాడు. కొంచెం ఆగి, "మా బడి బోరింగు కాడ గూడ ఎవలన్న గిట్ల సూసి పోస్తే ఎట్లుండునో."

కోపం లేదు ఆ గొంతులో. లెక్కలలో తప్పు ఎక్కడ పడిందో చూచుకునేవాడి గొంతు. నేను మారు పలుకలేదు. అతడు పోయిన తరువాత కాగితం తీసుకొని లెక్క కట్టాను. మా బడి కప్పు నూరు చదరపు మీటర్లు అనుకుందాం. జిల్లాలో ఏటా ఇంచుమించు ఏడువందల మిల్లీమీటర్ల వాన. అంటే డెబ్బదివేల లీటర్లు. కప్పు కడిగినది, చిందిపోయినది తీసివేసినా అరువదివేలు. నూరుమంది పిల్లలు, రోజుకు రెండు లీటర్లు, రెండువందల ఇరువది పనిదినాలు: నలుబదినాలుగు వేలు. సరిపోయి, మిగిలేది. ఒక భూగర్భ తొట్టి, నాలుగు గొట్టాలు, ఏడాదికొకసారి సున్నం. ఇందులో ఏ మహాయంత్రమూ లేదు. మన కోటలలో, గుళ్ళలో కొండ మీది వాన నీటిని పట్టి ఉంచే కోనేళ్ళు వందల ఏండ్ల క్రిందటే ఉన్నవి. ప్రభుత్వాలు పథకాల కొరకు, మేము ప్రభుత్వాల కొరకు, పిల్లలు మా కొరకు చూచారు. ఆ కప్పు మీది నీళ్ళు ప్రతి ఏడూ ఆటస్థలంలో నుండి వాగులోకి పోయినవి.

చేపలకు వాన నీరు మానివేద్దామా అని కూడా ఆలోచించాను. మానితే ఆ నీళ్ళు మా వీధి కాలువలో పోతాయి, అంతే. మానలేదు. మరునాడు మా అబ్బాయి చేత స్టాండు పాదాలు కోయించి, తొట్టిని మోకాలెత్తుకు దింపాను. ఇప్పుడు కుర్చీలో కూర్చుంటే అతనికి పై చేపలూ కనబడతాయి. నెలకు రెండు మూడు ఆదివారాలు వస్తాడు. అయినా చూచేది అడుగునే.

ఈ సంవత్సరం మృగశిర కార్తె ప్రవేశించిన మరునాడు మంచి వాన పడింది. ఆ చల్లని నీళ్ళు రెండు బిందెలు తొట్టిలో పోశాను. కోరిడోరాస్ పుట్టిన నదులలో వానకాలం రావడమంటే చల్లని మెత్తని క్రొత్త నీరు రావడం. అదే వాటికి సంతాన కాలపు కబురు. ఆ సంగతి చదివి ఉన్నాను కాని ఖండాంతరంలో, గాజుగోడల నడుమ, మన కార్తెను అవి పాటిస్తాయని అనుకోలేదు. జిల్లా అంతా చేపలకూర వండుకునే రోజులలో మా చేపలు గుడ్లు పెట్టినవి! ఆడచేప మగచేప ప్రక్కకు మూతి ఆనించి, తన పొట్టక్రింది రెండు రెక్కలను దోసిలిగా చేసి అందులో గుడ్లు పెట్టుకొని, అద్దానికి ఎగబ్రాకి అక్కడ అంటిస్తుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ అంటిస్తుంది. ప్రొద్దున ఆరంభించి మధ్యాహ్నానికి ముగించింది. సగ్గుబియ్యం గింజల కంటె చిన్నవి.

పెట్టిన తల్లిదండ్రులే గుడ్లు తింటాయి కనుక (మాత్స్యన్యాయం ఎంత రద్దు చేసినా ఇంకా మిగిలే ఉంటుంది) వ్రేలితో మెల్లగా దొర్లించి తీసి వేరే గిన్నెలో, అదే తొట్టి నీళ్ళలో, గాలి బుడగల చెంత ఉంచాను. బూజు పట్టినవి ఏరి పారవేశాను. నాలుగవ నాటికి పిల్లలు వచ్చినవి, కంటిరెప్ప వెంట్రుక అంత. మొదటి రెండు రోజులు వాటి పొట్టలోని సొన చాలు. తరువాత ఉడికించిన గ్రుడ్డు పచ్చసొనను బట్టలో వడకట్టి సూదిమొన అంత, రోజుకు మూడుమార్లు. ప్రతి మేతకూ అడుగు శుభ్రం చేయాలి. ఇరువదియేడు పుట్టినవి, పందొమ్మిది బ్రతికినవి. ఇప్పుడు మీసాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

వీటిలో ఎనిమిదింటిని అతడు తీసుకొనిపోతానన్నాడు. ఊళ్ళో కుళాయి నీళ్ళు ఒక సీసాలో తెచ్చాడు. చుక్కల మందు వేసి గట్టితనం చూశాము, మా ఇంటి కుళాయికి సమానంగానే ఉన్నది. (గట్టి నీరు వేరు, ఫ్లోరైడు నీరు వేరు; ఆ మందు ఫ్లోరైడును చూపదు. సందేహమున్నవారు పరీక్షకు విడిగా పంపించుకోవాలి. ఇతడు ఎన్నడో పంపించుకున్నాడు, కాగితం జేబులోనే ఉన్నది.) వాన నీళ్ళకు దుకాణం రేకుల కప్పు క్రింద ఒక పీపా పెట్టాడట.

తొట్టికి స్టాండు ఎంత ఎత్తు చేయించుదామని అడిగాను.

"స్టాండెందుకు సారూ, నేల మీదనే పెడ్త. ఇసుక జెర ఎక్కువ పోయిండ్రి."

ఇసుక రెండు బొచ్చెల నిండా జల్లెడ పట్టి ఉంచాను. వచ్చే ఆదివారం బస్సుకు వస్తాడు.